కరెంటు ఉచితమే, కప్పు సంగతేమిటి?

కర్ణాటక ప్రభుత్వం 2023లో గృహజ్యోతి పథకం తెచ్చినప్పుడు మేము సంతోషించాం. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఉచిత కరెంటు, అద్దెకుండేవాళ్లకూ వర్తిస్తుంది. తమిళనాడులో 2016 నుంచి రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. కూలి మీద బతికే మన కుటుంబాలకు ఇది చిన్న ఊరట కాదు. దీన్ని తాయిలమని ఎగతాళి చేసేవాళ్లతో మాకు పొత్తు కుదరదు.

అయితే మే నెల మధ్యాహ్నం సిమెంటు రేకుల కింద ఫ్యాను వేస్తే వచ్చేది వేడిగాలే. బాలింతలు, ముసలివాళ్లు, ఇంట్లోనే కూర్చుని పని చేసుకునే ఆడవాళ్లు ఆ కొలిమిలోనే ఉండాలి. పైగా గృహజ్యోతిలో ప్రతి ఇంటికీ 200 యూనిట్లు రావు. అంతకుముందు ఏడాది వాడిన సగటుకు కొంచెం కలిపి ఆ ఇంటి పరిమితి కట్టారు. ఏమీ లేక తక్కువ వాడిన ఇంటికి పరిమితీ తక్కువే.

రేకుల మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేస్తే లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో దీనికోసం కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. 600 గజాలు, అంతకుమించిన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి. ప్రభుత్వం కట్టించే పేదల ఇళ్లకూ తప్పనిసరి చేశారు, మంచిదే. సొంతంగా కట్టుకున్న చిన్న ఇళ్లకు మాత్రం ఇష్టముంటేనే! చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలవుతుందని అప్పట్లో లెక్క చెప్పారు. 20 చదరపు మీటర్ల గదికి 6,000. రోజుకూలీకి ఇక్కడ ఇష్టం ఎక్కడిది?

అందుకే బిల్లుల రాయితీతో పాటు కప్పులకూ బడ్జెట్‌లో డబ్బు పెట్టాలని మేమంటున్నాం. 2015లో మొదలైన ఉజాలా పథకంలో ఎల్ఈడీ బల్బులు టోకున కొనడంతో ధర బాగా దిగింది. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. పూతనూ ఫ్యాన్లనూ అలాగే కొని పేదలకు ఇవ్వవచ్చు.

ఒక చిక్కుంది. ఇల్లు చల్లబడిందని ఓనరు అద్దె పెంచితే? అమెరికాలో 1976 నుంచి నడుస్తున్న వెదరైజేషన్ సహాయ పథకంలో, బాగుచేయించిన అద్దె ఇంటికి ఆ పని సాకుతో కొంతకాలం అద్దె పెంచకూడదని షరతు ఉంది. ఇక్కడా అదే పెట్టాలి.

యువతకు ఒక పని చెబుతున్నాం. వచ్చే ఎండాకాలంలోపు మీ వీధిలో రేకుల ఇళ్లెన్నో, వాటిలో అద్దెవి ఎన్నో లెక్క రాయండి. పెద్దలు తెలుగులో చెప్పింది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో అర్జీగా రాసి వార్డు ఆఫీసులో ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం మరచిపోకండి.