నాలుగు నిమిషాల లాభం

ఈమధ్య నేనొక జీపీయస్ పెట్టె కొన్నాను. ఆ మాట చెప్పగానే మిత్రులందరూ నన్ను మ్యూజియంలోని వస్తువును చూసినట్లు చూశారు. "చేతిలో ఫోను పెట్టుకుని ఇంకా ఆ పెట్టెలేమిటండీ?" అని ఒకాయన. "మా గరాజులో పాతదొకటి పడివుంది, పట్టుకుపొండి" అని మరొకాయన. వారి ఆశ్చర్యంలో తప్పులేదు. ఒకప్పుడు ఎడిసన్‌లో ఏ తెలుగువారి కారు చూసినా ముందుటద్దానికి అతుక్కుని కనిపించిన ఈ పెట్టెలు చాలాకాలం క్రితమే సొరుగుల్లోకి చేరాయి. తెలుగులో సరైన పేరు కుదరకముందే వాటి కాలం చెల్లిపోయిందేమో. "మార్గదర్శి" అందామంటే చిట్టీల కంపెనీ గుర్తుకొస్తుంది. "దిక్సూచి" వేరే వస్తువు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు దాన్ని "దారి చెప్పే పెట్టె" అన్నది. అంతకంటె మంచి పేరు నాకు దొరకలేదు కనుక ఇకమీదట పెట్టె అనే అంటాను.

కొనడానికి కారణం మా అమ్మాయి. ఆమెకు 17 నిండాయి. న్యూజెర్సీ రాష్ట్రం ప్రొబేషనరీ లైసెన్సు చేతికిచ్చింది. ఈ లైసెన్సుకు కట్టుబాట్లు చాలానే ఉన్నాయి. రాత్రి 11 దాటాక ఉదయం 5 దాకా బండి తీయరాదు. తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు స్నేహితులను గుంపుగా ఎక్కించుకోరాదు. నంబరు పలకల మీద చిన్న ఎర్రటి గుర్తులు అంటించుకోవాలి. ఇది 2010 నుంచి ఉన్న నియమం. అన్నిటికంటె ముఖ్యమైనది ఫోను సంగతి. పెద్దవాళ్ళం మనం చేత్తో పట్టుకోకుండా ఫోను వాడుకోవచ్చు. ఈ పిల్లలకు ఆ వెసులుబాటు కూడా లేదు. ఫోనులోని పటానికి ఈ నిబంధన ఎంతవరకు వర్తిస్తుందో వకీళ్ళు వాదించుకోవచ్చుగాక, నేను మాత్రం వాదించదలచుకోలేదు. పటం చూడడానికి తెరిచిన ఫోనులోకి స్నేహితురాలి కబురు రాకుండా ఉంటుందా? వచ్చిన కబురు మీద పదిహేడేళ్ళ కన్ను పడకుండా ఉంటుందా? నలభై తొమ్మిదేళ్ళ నా కన్నే ఆగదు.

ప్రతి ఆదివారం ఉదయం ఆమె వీణ పాఠానికి మాటవాన్ వెళ్ళాలి. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా, రారిటన్ నది మీది డ్రిస్కాల్ వంతెన దాటి. ఇన్నేళ్ళూ నేనే తీసుకువెళ్ళాను. ఇక తానే వెళ్తానంటోంది. వీణ వెనుక సీటులో పడుకుని వస్తుంది. చట్టం దానిని ప్రయాణికురాలిగా లెక్కించదనుకుంటాను.

ఆ వంతెనంటే నాకు భయం. ఓడలు కిందుగా పోవడానికి వీలుగా దానిని ఎత్తుగా కట్టారు. ఎక్కుతున్నంతసేపూ అవతలి దిగుడు కనబడదు. పన్నెండేళ్ళ క్రితం ఒక నవంబరు సాయంత్రం దానిమీద పోతున్నాను. వెనుక పిల్లల సీటులో అమ్మాయి నిద్రపోతోంది. అప్పట్లో నా దగ్గరున్న పెట్టె, ఏ కంపెనీదో చెప్పను, తెరమూల పచ్చని గుర్తు చూపుతూ అంతా సవ్యమే అంటోంది. శిఖరం దాటేసరికి ఎదురుగా ఎర్రదీపాల బారు, కదలకుండా. బ్రేకు మీద నిలబడ్డాననే చెప్పాలి. ముందు బండికీ నాకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. అద్దంలో చూస్తే వెనుక లారీ కూడా ఎలాగో ఆగింది. ఇంకా నా కాళ్ళ వణుకు తగ్గలేదు, అప్పుడు పెట్టె గొంతు సవరించుకుని ప్రకటించింది: ముందు ట్రాఫిక్ ఉన్నది, మరొక దారిలో పోతే నాలుగు నిమిషాలు ఆదా అవుతుంది, మార్చమంటారా?

ఆ నాలుగు నిమిషాలను నేను ఈనాటికీ మరచిపోలేదు. ఈసారి పెట్టె ఎంచుకునేటప్పుడు అవే నా కొలబద్ద.

మొదట ఒక అపోహ సంగతి. ఉపగ్రహాలు మనల్ని చూస్తుంటాయనీ, మన బండి ఎక్కడుందో అవే పెట్టెకు చెబుతాయనీ చాలామంది అనుకుంటారు. ఆ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ సమయాన్నీ, తమ స్థానాన్నీ చాటుతుంటాయి, అంతే. పెట్టె కనీసం నాలుగింటి మాటలు విని, అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి తానెక్కడున్నదో లెక్కగట్టుకుంటుంది. వినడమే తప్ప తిరిగి చెప్పడం ఉండదు. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం సామాన్యుల సంకేతాలలో కావాలని కలుపుతున్న దోషాన్ని ఆపివేసిన తరువాతనే ఈ లెక్క కారుకు పనికివచ్చేంత కచ్చితమైంది.

ట్రాఫిక్ అలా కాదు. అది ఆకాశంలో లేదు, తోటి ప్రయాణికుల దగ్గర ఉంది. మా ప్రాంతంలో ట్రాన్స్‌కామ్ అనే ఉమ్మడి సంస్థ ఒకటున్నది, 1986లో ఏర్పడింది. రోడ్ల పక్కన అమర్చిన యాంటెన్నాలతో కార్లలోని ఈజీపాస్ బిళ్ళలను చదివి, ఈ చోటినుంచి ఆ చోటికి బండ్లకు ఎంతసేపు పడుతున్నదో లెక్కవేస్తారు. టోలు కోసం కొన్న బిళ్ళ అలా మరొక పని కూడా చేస్తుంది. ఇక ఫోన్ల సంగతి అందరికీ తెలిసిందే. 2020లో సైమన్ వెకర్ట్ అనే జర్మన్ కళాకారుడు చిన్న తోపుడుబండిలో 99 ఫోన్లు వేసుకుని బెర్లిన్ వీధిలో మెల్లగా నడిచాడు. ఖాళీ వీధి గూగుల్ పటం మీద ఎర్రబడింది. యంత్రానికి తెలిసింది ఫోన్ల నడక, బండ్ల నడక కాదు.

ఈ సమాచారం పెట్టెలోకి ఎలా వస్తుందన్నదే కొనేవారు అడగవలసిన ప్రశ్న. డబ్బా మీద "ట్రాఫిక్" అని ఒకే మాట ఉంటుంది గానీ దాని వెనుక ఏర్పాట్లు మూడు రకాలు. పాతది ఎఫ్.ఎం. రేడియో మీద పాటకు అడ్డురాకుండా సెకనుకు 1187.5 బిట్ల చొప్పున సాగే సన్నని ధార. అందులో వాక్యాలుండవు. ఏం జరిగిందన్నదానికి ఒక సంఖ్య, ఎక్కడన్నదానికి ఒక సంఖ్య. పెట్టె తన పట్టిక చూసుకుని వాటిని మాటలుగా మార్చుకుంటుంది. మన టెలిగ్రాముల రోజుల్లో దీపావళికీ, పెళ్ళికీ శుభాకాంక్షలు చెప్పడానికి ఫారం మీద ఒక అంకె వేస్తే సరిపోయేది, గుర్తున్నదా? అదే కిటుకు. రెండవది ఇక్కడి హెచ్.డి. రేడియో. ధార వెడల్పు, వార్త త్వరగా వస్తుంది. మూడవది పెట్టెను బ్లూటూత్‌తో ఫోనుకు ముడివేసి ఫోను ఇంటర్నెట్‌తో తెప్పించుకోవడం. ఇప్పటి నమూనాలు చాలావరకు ఈ మూడవ దారి పట్టాయి, తయారుచేసేవారికి అదే చవక.

నాకు మూడవది పనికిరాదు. ఫోను వద్దనుకునే కదా పెట్టె కొంటున్నది! ఫోను ఆపివేసినా వార్త వినగలిగే సొంత చెవి ఉన్న పెట్టె కావాలి. ఆ చెవి ఎక్కడుంటుందో తెలుసా? చాలా నమూనాలలో సిగరెట్ లైటరు రంధ్రంలో గుచ్చే కరెంటు తీగలో ఉంటుంది. కొన్నిటికి ఆ తీగ డబ్బాలోనే వస్తుంది, కొన్నిటికి విడిగా కొనాలి. సంగతి తెలియనివారు ఆ లావుపాటి తీగ వికారంగా ఉందని పక్కన పడేసి, ఇంట్లోని సన్నని యూయస్‌బీ తీగ తగిలించి, ట్రాఫిక్ రావడంలేదని కంపెనీని తిడతారు. మా గరాజు మిత్రుడి పెట్టె కథ అదే. మిగతా సంగతులు, తెర ఎన్ని అంగుళాలు, పటాలు వైఫైతో నవీకరించుకుంటుందా, ఇవన్నీ ఏ దుకాణదారైనా చెబుతాడు. పటాలకు "లైఫ్‌టైమ్" అని రాసివుంటే అది పెట్టె ఆయుర్దాయమే గానీ మనది కాదని మాత్రం గుర్తుంచుకోండి.

అసలు చిక్కు మరొకటుంది. ఈ పెట్టెలకు "తెలియదు" అనడం రాదు. మన ఊళ్ళలో దారి అడిగితే తెలియదనడం మర్యాద కాదని చేయి ఏదో ఒకవైపు చూపే పెద్దమనుషులుంటారు చూడండి, ఆ బాపతు. కబురు రాకపోవడాన్ని చాలా పెట్టెలు దారి ఖాళీగా ఉన్నట్లే చూపిస్తాయి. నవంబరు సాయంత్రం నేను చూసిన పచ్చగుర్తు అటువంటిదే. న్యూజెర్సీ టర్న్‌పైక్‌లో కొంతమేర ఒకే దిశలో రెండు రోడ్లు పక్కపక్కనే సాగుతాయి, లోపలిది కార్లకు మాత్రమే, వెలుపలిది లారీలకూ కార్లకూ. జీపీయస్ కొలతలో నాలుగైదు మీటర్ల తేడా మామూలు. లోపలి రోడ్డు స్తంభించిందో వెలుపలిదో ఆ తేడాలో ఎలా తేలుతుంది? ఆ చీలిక ముందు టర్న్‌పైక్ వారు ఎత్తున కట్టిన వెలుగు పలక చెప్పేదే నేను నమ్ముతాను. అమ్మాయికీ అదే చెప్పాను.

పెట్టెలు రెండు వేరు పనులను ఒకే పేరుతో అమ్ముతున్నాయి. ముందు బండ్లు ఆగివున్నాయని హెచ్చరించడం ఒకటి. అందువల్ల ఈ దారి వదిలి ఆ దారి పట్టమనడం మరొకటి. మొదటిది ప్రాణానికి సంబంధించినది, రెండవది గడియారానికి. ప్రకటనలన్నీ రెండవదాన్నే పొగుడుతాయి. అడ్డదారుల్లో పోయే బండ్ల బాధ పడలేక 2018 జనవరిలో జార్జి వాషింగ్టన్ వంతెన దగ్గరి లియోనియా అనే చిన్న ఊరు, రద్దీ వేళల్లో తన వీధులను ఇతర ఊళ్ళ వాహనాలకు మూసివేసింది, గుర్తుండే ఉంటుంది. ఆ ఊరివాళ్ళ సంగతి అలా ఉంచి, నడిపేవారి వైపునుంచి చూడండి. కొత్తగా చక్రం పట్టిన పిల్లను, మూడు వరుసలు దాటి, తెలియని ఎగ్జిట్‌లో దిగమని ఆఖరి అరమైలులో చెప్పడం ఎంతటి ప్రమాదం! దిగిన తరువాత ఈ రాష్ట్రపు జగ్‌హ్యాండిళ్ళు ఉండనే ఉన్నాయి. రూట్ 1 మీద ఎడమకు తిరగాలంటే కుడివైపు దిగి చుట్టు తిరిగి రావాలి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్న నేనే ఇప్పటికీ అప్పుడప్పుడు దాటిపోతుంటాను.

కాబట్టి హెచ్చరికను ఉంచుకుని దారిమార్పును ఆపివేయగలిగిన పెట్టె కావాలన్నాను. దుకాణంలో కుర్రవాడికి నా కోరిక అర్థం కాలేదు. "అప్పుడు మీరు ట్రాఫిక్‌లో చిక్కుకుపోతారు కదా" అన్నాడు. చిక్కుకోనీ. ఆగివున్న బండ్ల మధ్య మెల్లగా కదిలే అమ్మాయి గురించి నాకు దిగులు లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఐతే సొంత చెవి మాత్రమే ఉన్న పెట్టె కొంటే, ఫోను ఆపివేస్తే, ఆమె ఎక్కడున్నదో నాకు తెలియదు. ఈ సంగతి నాకు దుకాణంలో తట్టలేదు, ఆ రాత్రి మంచం మీద తట్టింది. ఫోనుంటే పటం మీద చుక్క కదులుతూ కనిపిస్తుంది. నా తోటి తండ్రులందరూ ఆ చుక్కను చూస్తూనే కూర్చుంటారు. పెట్టె తిరిగి ఇచ్చేసి, ఫోనే పెట్టి, దానిమీద ఏవో తాళాలు వేద్దామా అని మా ఆవిడతో అన్నాను.

"ఏమండీ, మీరు ఖరగపూరులో చదివేటప్పుడు మీ ఉత్తరం చేరడానికి వారం పట్టేది కదా. మామయ్యగారు ఏ చుక్క చూశారు?" అన్నది.

నాకు జవాబు తోచలేదు. పైగా ఆ చుక్కలు మన దగ్గరే ఆగవు. 2011లో నెదర్లాండ్స్‌లో టామ్‌టామ్ పెట్టెలు పోగుచేసిన వేగాల వివరాలు, పేర్లు లేకుండానే అనుకోండి, ప్రభుత్వం ద్వారా పోలీసుల చేతికి చేరాయి. వారు వాటిని చూసి వేగం పట్టుకునే కెమెరాలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకున్నారు. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. అది పెద్దవాళ్ళ గొడవ అనుకున్నా, పదిహేడేళ్ళ పిల్లకు తండ్రి కన్ను పడని ముప్ఫై ఐదు నిమిషాలు ఉండడం ఆమె హక్కు అనే నా అభిప్రాయం. చెప్పడం తేలిక సుమా.

పెట్టె ఉంచేశాను. జూన్‌లో ఒక ఆదివారం ఆమె బయలుదేరింది. ఫోను ఆపి వీణ పెట్టెలో పడేసింది. పార్క్‌వే మీద అది సముద్రతీరానికి పోయేవారి కాలం. పాఠం పది గంటలకు. పదిన్నర దాటినా కబురు లేదు. నేను వాకిట్లో పచ్చిక కోస్తున్నట్లు నటిస్తూ మూడుసార్లు యంత్రం ఆపి లోపలి ఫోను మోగిందేమోనని విన్నాను. పదీ ముప్ఫై ఐదుకు టీచరుగారు పిలిచారు. "ఇప్పుడే వచ్చిందండీ."

మధ్యాహ్నం తిరిగివచ్చాక అడిగాను. వంతెన ఎక్కకముందే చెప్పిందట, అవతల బండ్లు ఆగివున్నాయని. కుడి వరుసలోకి వచ్చి మెల్లగా ఎక్కిందట.

"మరి దిగేటప్పుడు?"

"అందరూ ఆగివున్నారు నాన్నా. నేనూ ఆగాను."

టీచరుగారు మాత్రం కోప్పడ్డారట, వర్ణం సగంలోనే ఆపవలసివచ్చిందని. వచ్చేవారం అరగంట ముందు బయలుదేరతానన్నది.