బీటపడిన బండ మీద బరువు పెడతామా?

తాండూరు పక్కన కరణ్‌కోట అంటే సిమెంటు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఆ ప్రాంతం నాపరాళ్లకూ పెట్టింది పేరు. పరిచేటప్పుడు బీటపడిన బండ కనిపిస్తే పక్కన పెట్టి ఇంకోటి అందుకుంటారు. కంప్యూటర్‌లోని హార్డ్‌డిస్కూ అచ్చం అలాగే చేస్తుంది.

డిస్కులో సమాచారమంతా చిన్న చిన్న గళ్లలో ఉంటుంది. వాటినే సెక్టార్లంటారు. పాత డిస్కుల్లో ఒక్కో గడికి 512 బైట్లు, కొత్తవాటిలో 4096 బైట్లు. ఒక గడి పాడైతే డిస్కు దాన్ని వదిలేసి, విడిగా ఉంచుకున్న గడిని వాడుకుంటుంది. మనకు తెలియను కూడా తెలియదు. చిక్కల్లా, పాడైన గడిలో అప్పటికే అమ్మాయి పెళ్లి ఫొటో ఉంటేనే! ఫోల్డర్ తెరుచుకోదు, కాపీ మధ్యలో ఆగిపోతుంది, కంప్యూటర్ బిగుసుకుపోతుంది.

అప్పుడు చాలామంది ముందుగా చేసే పని చెక్‌డిస్క్ నడపడం. అదే పొరపాటు. అది డిస్కు మొత్తాన్నీ గాలిస్తుంది, మార్పులూ రాస్తుంది. కొన ఊపిరితో ఉన్న డిస్కుకు అది పెద్ద శ్రమ. ముందు కాపీ, తర్వాతే మరమ్మతు.

అన్నిటికన్నా ముఖ్యమైన ఫోల్డర్లను మొదట వేరే డిస్కులోకి తీసుకోండి. మొరాయిస్తుంటే లినక్స్‌లో నడిచే ‘డీడీరెస్క్యూ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది బాగున్న గళ్లను ముందు కాపీ చేసి, చెడ్డవాటి దగ్గరకు చివర్లో వస్తుంది. డిస్కు టకటకమని శబ్దం చేస్తోందా? వెంటనే ఆపేసి, డేటా రికవరీ నిపుణులకివ్వండి. ఇంట్లో మాత్రం విప్పొద్దు. లోపల పళ్లేనికీ హెడ్‌కూ మధ్య ఉండే సందు దుమ్ము రేణువుకన్నా సన్నం.

రాతిపొడి, సిమెంటు దుమ్ము ఉన్న ఊళ్లలో ఇంకో అనుమానం సహజం. డిస్కుకు ఫిల్టరుంటుంది కాబట్టి దుమ్ము నేరుగా లోపలికి పోదు. అయితే ఫ్యాన్‌కు పట్టేస్తే వేడి పెరుగుతుంది. రాస్తుండగా కరెంటు పోయినా ముప్పే. యూపీఎస్ పెట్టుకోవడం మేలు.

ఒక్క బ్యాడ్ సెక్టారే కదా అనుకోకండి. లక్షకు పైగా డిస్కులను గమనించి గూగుల్ ఇంజినీర్లు 2007లో ఒక పరిశీలన ప్రచురించారు. తనిఖీలో తొలి లోపం బయటపడ్డ డిస్కు 60 రోజుల్లోపు చెడిపోయే అవకాశం, ఏ లోపమూ లేని డిస్కుకన్నా 39 రెట్లు ఎక్కువట. ఇంకో సంగతి: పోయిన డిస్కుల్లో సగానికి పైగా, ‘స్మార్ట్’ అనే సొంత తనిఖీ వ్యవస్థలోని నాలుగు ముఖ్యమైన లెక్కల్లో ఏ హెచ్చరికా చూపకుండానే పోయాయి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ స్మార్ట్ లెక్కలు చూడొచ్చు. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల సంఖ్య పెరుగుతోందంటే డిస్కు మార్చేయాల్సిందే. ఫార్మాట్ చేశాక బాగానే పనిచేస్తున్నట్టు కనిపించినా, దానిలో సినిమాలు పెట్టుకోండి గానీ నాన్నగారి గొంతు రికార్డయిన ఒకే ఒక్క ఫైలు పెట్టకండి.

భోజనాలయ్యాక ఆ ఫొటోలు ఇంకోచోటికి కాపీ పెట్టేయండి. సాయంత్రం టీ తాగేలోపు పని అయిపోతుంది.