మూడు కాళ్ల కుందేలు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే మనిషిని చూసి లోకం నవ్వుతుంది. నవ్వదగినదే. అయితే నాలుగో కాలును కళ్లారా చూసినవాడు, ఊరంతా మూడే అంటున్నా నాలుగేనని నిలబడితే అతనినీ మొండివాడనే అంటుంది. ఇద్దరికీ ఒకే పేరు పెట్టడం లోకపు తొందరపాటు.

పంతమనగానే ఉత్తరాంధ్రలో బొబ్బిలి గుర్తుకు వస్తుంది. విజయనగర, బొబ్బిలి సంస్థానాల వైరం ముదిరి, 1757 జనవరి 24న విజయరామరాజు పక్షాన బుస్సీ సేనలు బొబ్బిలి కోటపై విరుచుకుపడ్డాయి. కోటలోనివారు లొంగలేదు. శత్రువులకు చిక్కరాదని స్త్రీలనూ పిల్లలనూ తమవారే అంతమొందించారు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలో సంహరించాడు. ఆ శౌర్యాన్ని మన కథాగానాలు కొనియాడతాయి, కొనియాడవలసినదే. కాని ఆ పసివారి సమ్మతి ఎవరడిగారు? బొబ్బిలి కథ విన్నప్పుడల్లా నాకు వీరం కంటె కరుణమే మిన్నగా తోస్తుంది.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి మొండితనం వేరు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం చేరువలోని పర్వతాలపేటలో జన్మించి, విజయనగరంలో గురజాడ అప్పారావుగారికి సహాధ్యాయియై, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన ఆయన కొండలలోని సవరల భాష నేర్వ సంకల్పించారు. దానికి అప్పటికి లిపి లేదు, నిఘంటువు లేదు. సవర తెలిసినవారిని ఇంట ఉంచుకొని నేర్చారు. కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైను సేవించి వినికిడి పోగొట్టుకున్నారు. నోటి మాటకై పోరాడిన మనిషికి మాట వినిపించకపోవడం! అయినా సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

బడిపుస్తకాలలో వాడుకభాష ఉండాలన్నప్పుడు జయంతి రామయ్య పంతులుగారి వంటి విద్వాంసులు ఆయనకు ఎదురు నిలిచారు. వారిదీ పట్టుదలే. భాష చెడుతుందన్న వారి భయం కపటం కాదు. ప్రాచీన సాహిత్యంతోనే జీవితం గడిపినవాణ్ణి గనుక ఆ భయం నాకు తెలుసు. అయితే గిడుగువారు తన మాటే నిజమని గొంతు పెంచి ఊరుకోలేదు. శాసనాలు చదివారు, పాత గ్రంథాలు గాలించారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలలోనే గ్రాంథిక వ్యాకరణానికి పొసగని ప్రయోగాలను 'బాలకవి శరణ్యం'లో ఏరి చూపారు. కుందేలును ఎత్తి చూపి, వారిచేతనే కాళ్లు లెక్కపెట్టించారన్నమాట. ఋజువు చూపడానికి సిద్ధపడని పట్టును నేను పట్టుదల అనలేను.

ఆయన పట్టు ప్రతిసారీ నెగ్గలేదు. 1936లో పర్లాకిమిడిని కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేర్చినందుకు నిరసనగా, దశాబ్దాలు నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. సరిహద్దు మారలేదు. వృద్ధాప్యంలో ఇల్లు వదలి సాధించిందేమని అడిగేవారికి నా వద్ద సమాధానం లేదు. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. మరి కొన్ని దశాబ్దాలకు గాని విశ్వవిద్యాలయాలు పరీక్షలలో వాడుకభాషను అంగీకరించలేదు. పాఠ్యపుస్తకంలో ఈ వ్యాసాన్ని ఈ భాషలో వ్రాయగలగడం ఆ తరువాతి సంగతే.