డొంక దారుల్లో రెండు చక్రాలు

రోడ్డు వెడల్పు ఒక్క కారుకు సరిపోతుంది. నడిమధ్యన గడ్డి మొలిచి ఉంటుంది. రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచె, దాని వెనక బార్లీ చేను, చేను చివర చెకుముకి రాళ్లతో కట్టిన చర్చి గోపురం. ఇంగ్లండ్ తూర్పు కొసన ఉన్న నార్‌ఫోక్ కౌంటీలో జూన్ నెలలో సైకిలు మీద బయల్దేరిన వారికి గంటల తరబడి కనిపించేది ఇదే. వినిపించేది సైకిలు గొలుసు చప్పుడు, పిట్టల కూతలు. తెలుగు పల్లెల్లో ఇలాంటి దారిని డొంక అంటారు. కాకపోతే ఈ డొంకకు తారు వేసి ఉంటుంది.

సైకిలు యాత్రకు పెద్ద సరంజామా అక్కర్లేదు. వెనక చక్రానికి అటూ ఇటూ వేలాడే రెండు సంచులు, వాన కోటు, పంక్చరు సామాను, ఒక మ్యాపు. రోజుకు 50, 60 కిలోమీటర్లు తొక్కితే చాలు. ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ వేసే మ్యాపుల్లో చిన్న రోడ్లు పసుపు గీతల్లా ఉంటాయి. ఆ గీతలను వదలకపోతే లారీల బెడద తక్కువ. ఊరికీ ఊరికీ మధ్య పొలాల గట్ల వెంట పుట్టిన దారులు కాబట్టి అవి తిన్నగా పోవు. అరకిలోమీటరుకో మలుపు తిరుగుతాయి. తొందర ఉన్నవాళ్లు అందుకే వాటి జోలికి రారు. సైకిలు వాళ్లకు కావలసింది కూడా అదే. నార్‌ఫోక్‌లో పెద్ద కొండలు లేవని ధీమాగా వచ్చేవారికి మాత్రం ఉత్తర సముద్రం మీంచి వీచే ఎదురుగాలి పాఠం చెబుతుంది.

కౌంటీ ముఖ్యపట్టణం నారిచ్ నుంచి మొదలయ్యే మారియట్స్ వే అనే దారి 42 కిలోమీటర్లు సాగి ఐల్‌షమ్ చేరుతుంది. ఒకప్పుడు అది రైలు మార్గం. ప్రయాణికుల రైళ్లు 1950లలోనే ఆగిపోయాయి. విట్‌వెల్ దగ్గర పాత ప్లాట్‌ఫాం ఇప్పటికీ ఉంది. మధ్యలో వచ్చే రీపమ్ అనే చిన్న ఊళ్లో మూడు పారిష్‌లు మూడు చర్చిలను ఒకే ఆవరణలో కట్టుకున్నాయి. వాటిలో ఒకటి 16వ శతాబ్దంలో కాలిపోగా ఓ గోడ ముక్క మిగిలింది. నార్‌ఫోక్‌లో మధ్యయుగం నాటి చర్చిలు ఆరు వందలకు పైగా ఉన్నాయి. పగటిపూట చాలావాటి తలుపులు తెరిచే ఉంటాయి. వాన పడితే సైకిలు గోడకు ఆనించి లోపల కూర్చోవచ్చు.

ఈ ప్రశాంతత ప్రకృతి ప్రసాదం అనుకుంటే పొరపాటు. 19వ శతాబ్దంలో రైళ్లు రావడంతో గుర్రపు బళ్ల రోడ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ రోడ్ల మీదికి సైకిళ్లు వచ్చాయి. 1878లో హారోగేట్ పట్టణంలో కొందరు ఔత్సాహికులు బైసికిల్ టూరింగ్ క్లబ్ పెట్టారు. నేడు సైకిలింగ్ యూకే అని పిలుస్తున్నది దాన్నే. రోడ్డు మీద సైకిలుకు హక్కుందా లేదా అన్న తగవును 1888 నాటి స్థానిక పాలన చట్టం తేల్చింది. సైకిలు కూడా బండే అని అది గుర్తించింది. గుర్రాలు వెళ్లే బాటల మీద సైకిలు తొక్కే హక్కు 1968లో గానీ రాలేదు. 1963లో బీచింగ్ నివేదిక దాదాపు 8,000 కిలోమీటర్ల రైలు మార్గాలకు మంగళం పాడమన్నది. అలా మూతబడ్డ బాటల్లో కొన్నిటిని సైకిలు దారులుగా మార్చే పని బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య 1979లో మొదలైంది. రైలు ఖాళీ చేసిన చోటుకు సైకిలు రావడం అది రెండోసారి.

తెలుగువారికి ఈ కథలోని పేర్లు కొత్తవి కావు. అల్లుడికి కట్నంలో రాలీ సైకిలు పెట్టిన రోజులు పెద్దలకు గుర్తే. రాలీ సొంతూరు నాటింగ్‌హామ్. హెర్క్యులస్‌ది బర్మింగ్‌హామ్. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ ఆ హెర్క్యులస్ పేరును ఇక్కడి ఇంటింటికీ చేర్చింది. ఇక్కడ పాల క్యానులూ గడ్డిమోపులూ మోసిన ఆ సైకిలే అక్కడ వారమంతా కార్మికుణ్ణి ఫ్యాక్టరీకి మోసి, ఆదివారం పల్లెలు చూపించింది. తర్వాత ఇంటింటా కారొచ్చింది. నాటింగ్‌హామ్‌లో రాలీ తయారీ 2002లో ఆగిపోయింది.

కారు పల్లె దారుల్ని కూడా వదల్లేదు. వేరే బోర్డు లేని ఇరుకు రోడ్డు మీద సైతం చట్టం అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు. ఎదురుగా ఏముందో కనిపించని మలుపుల్లో ఆ వేగంతో వచ్చే వాహనానికి సైకిలు మనిషి అడ్డొస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే 2000 నాటి రవాణా చట్టం కొన్ని దారులను ‘నిశ్శబ్ద మార్గాలు’గా ప్రకటించే వీలు కల్పించింది. దాని తొలి ప్రయోగాలు జరిగింది ఉత్తర నార్‌ఫోక్‌లో, కెంట్‌లో. అయితే బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. జాతీయ సైకిలు మార్గాలను చూసే సంస్థ సస్ట్రాన్స్ పేరుతో ఉన్నప్పుడు, 2020లో, తన జాబితాలో నాలుగో వంతు దారులను తొలగించడమో హోదా తగ్గించడమో చేసింది. పిల్లాజెల్లా వెళ్లదగినంత సురక్షితంగా అవి లేవన్నది కారణం. సెలవులకొచ్చిన యాత్రికుడు ముచ్చటపడే దారి మీద పక్క ఊరి బడికి పిల్లవాణ్ణి సైకిలు మీద పంపడానికి తల్లి జంకుతుందంటే, ఆ దారి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది.

ఊళ్లలోని నిశ్శబ్దం మరో రకం. ఉత్తర నార్‌ఫోక్ తీరంలోని బర్నమ్ మార్కెట్ చూడ ముచ్చటైన ఊరు. పచ్చిక మైదానం చుట్టూ పాత ఇళ్లు, రంగు తలుపులు, పూల కుండీలు. కానీ వాటిలో చాలా ఇళ్లు లండన్ సంపన్నుల సెలవు విడుదులు. చలికాలం రాత్రి దీపం వెలగని కిటికీలు ఎక్కువ. ఆ ఊరికి చెల్సీ ఆన్ సీ అన్న ఎకసెక్కపు పేరు ఊరికే రాలేదు. ఊళ్లో పనిచేసే వారికి ఊళ్లో ఇల్లు కొనే స్తోమత లేదు. 2023లో ఓటు వేసి మరీ, కొత్తగా కట్టే ఇళ్లు శాశ్వత నివాసానికేనని గ్రామస్థులు తీర్మానించుకున్నారు. ఉన్న ఇళ్లకు ఆ నియమం వర్తించదు.

ఇలా జనం పలచబడిన ఊళ్లలో ముందు బస్సు తగ్గుతుంది, తర్వాత పోస్టాఫీసు, ఆపైన కిరాణా కొట్టు, చివరికి పబ్బు మూతబడుతుంది. కొన్ని ఊళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. వాయవ్యాన కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ గ్రామస్థులు 2003లో తలా కొంత వేసుకుని తమ ఓల్డ్ క్రౌన్ పబ్బును తామే కొన్నారు. ఊరంతా వాటాదార్లుగా నడిచే కొట్లు ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఉన్నాయి. వాటిలో వంతులవారీగా ఊళ్లోవాళ్లే జీతం లేకుండా కూర్చుంటారు.

అలాంటి కొట్టుకు సైకిలు యాత్రికుడు మంచి బేరం. కారులో వచ్చేవారు సరుకు సూపర్‌మార్కెట్లో కొని తెచ్చుకోగలరు. సైకిలు మీద వచ్చేవాడికి ఆకలి ఎక్కువ, సంచిలో చోటు తక్కువ. రెండు గంటలకోసారి ఎక్కడో ఆగాలి, టీ తాగాలి, రొట్టో కేకో కొనాలి. రాత్రికి ఊళ్లోనే పడక చూసుకోవాలి. ఆ పది పౌన్లూ ఇరవై పౌన్లూ ఊళ్లోనే ఉంటాయి. రోజుకు పదిమంది అలా ఆగితే కొట్టు తలుపు ఇంకొంత కాలం తెరిచి ఉంటుంది. అది తెరిచి ఉంటేనే రేపటి యాత్రికుడికి ఆగే చోటుంటుంది, ఆ ఊరి ముసలమ్మకు పాలూ రొట్టే నడిచి వెళ్లే దూరంలో దొరుకుతాయి.

సాయంత్రం తొమ్మిదైనా వెలుగు పోదు. ఓ పల్లె ఇంటి గేటు ముందు బల్ల మీద ఆరేసి గుడ్ల అట్టపెట్టెలు, రబర్బ్ కాడల కట్టలు, పక్కన మూతకు చీలిక ఉన్న రేకు డబ్బా ఉంటాయి. అమ్మే మనిషి ఉండరు. ధర చేత్తో రాసి ఉంటుంది. సైకిలు దిగినవాళ్లు చిల్లర డబ్బాలో వేస్తారు. గుడ్లను సంచిలో వాన కోటు మధ్య జాగ్రత్తగా సర్దుకుని మళ్లీ పెడల్ మీద కాలు పెడతారు.