శిశుపోషణము: బిడ్డల వెన్ను



"నిటారుగా కూర్చుండుము, గూని వచ్చును" అని మనము దినమునకు పదిమారులు బిడ్డలను గద్దించుచుందుము. బిడ్డ క్షణకాలము వెన్ను నిలిపి మరల వంగిపోవును. మనము మరల గద్దింతుము. ఇందు బిడ్డ తప్పు కొంచెమే. వంగుటకు కారణము సంచియందో, బల్లయందో, ఆట లేకపోవుటయందో యుండగా మాటలచే వెన్ను నిలుచునా?

మొదట పుస్తకముల సంచి సంగతి. 1989వ సంవత్సరమున సుప్రసిద్ధ రచయిత ఆర్. కె. నారాయణ్ గారు రాజ్యసభలో తమ తొలి ప్రసంగమును ఈ విషయమునకే వినియోగించి, పుస్తకముల మోతచే పసివారు ముందునకు వంగి నడచుచున్నారని వాపోయిరి. పిమ్మట ఆచార్య యశ్‌పాల్ గారి యాధ్వర్యమున నేర్పడిన సంఘము 1993లో చదువు బరువును గూర్చి నివేదిక సమర్పించెను. 2020లో కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిన విధానము ననుసరించి సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతును మించరాదు. ఒకటి, రెండు తరగతులవారికి 1.6 మొదలు 2.2 కిలోల వరకును, మూడు మొదలు ఐదవ తరగతి వరకు 1.7 మొదలు 2.5 కిలోల వరకును మితము. శిశుతరగతులవారికి సంచియే యక్కరలేదు.

కాగితముపై వ్రాసినంతనే సంచి తేలికపడదు గదా! తూచి చూడవలసినవారము మనమే. బరువుయంత్రముపై బిడ్డను సంచితో నొకమారు, సంచి లేక యొకమారు నిలువబెట్టినచో భేదము తెలియును. ఇరువది కిలోల బిడ్డ రెండు కిలోలకు మించి మోయరాదు. లీటరు నీరు పట్టు సీసా నింపినచో నీరే యొక కిలో! దానికి స్టీలు క్యారియరు తోడైనచో పుస్తకములకు చోటేది? బడిలో మంచినీరు దొరకునెడల ఖాళీ సీసా పంపుటయే మేలు. రాత్రియే పాఠముల పట్టిక చూచి, మరునాటికి వలయు పుస్తకములనే సర్దవలెను. బరువైనవి వీపునకు దగ్గరగా నుంచి, పట్టీలు రెండును భుజములకు తగిలించి, సంచి పిరుదులపై వ్రేలాడకుండ బిగింపవలెను.

సంచి మోతచేతనే వెన్నెముక శాశ్వతముగ వంకరవోవునని కొందరు భయపెట్టుదురు. అట్లని నిర్ధారణ కాలేదు. కాని భుజములు లాగుట, వీపు నొప్పి, అలసట కలుగుట చాలదా?

ఇక కూర్చుండు తీరు. పెద్దల కుర్చీలో కూర్చున్న పసివాని కాళ్లు గాలిలో వ్రేలాడును; వాడు జారి వంగిపోవును. కాళ్లక్రింద వంటయింటి పీట నొకదానిని వేసి, వీపునకు తలగడ నానించిన చాలును. నేలపై బోర్లగిలపడి వ్రాయువానికి పొట్టి వ్రాతబల్ల వలయును. ఎంత మంచి ఆసనమైనను అరగంటకొకమారు లేపి తిరుగనిండు. సెల్‌ఫోను చూచునప్పుడు దానిని కన్నుల యెత్తునకు తెచ్చుట మంచిది. అసలు తగ్గించుట మరింత మంచిది.

వెన్నును నిలుపునవి కండరములు. అవి ఆటచే బలపడును. ఐదేండ్లు దాటిన బిడ్డలకు దినమునకు సగటున గంటసేపైన ఒడలు కదలు ఆట యుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి సలహా. తొక్కుడుబిళ్ల, తాడాట, ఈత, ఏదైనను సరియే.

ఆడపిల్లలను గూర్చి యొక మాట. పదేండ్లు దాటగానే సిగ్గుచే భుజములు ముడుచుకొని నడచుట వారికి అలవాటగును. దీనిని మనమే "అణకువ" యని మెచ్చుకొందుము! ఎదుగుచున్న యొడలికి తగిన లోదుస్తులు కొనిపెట్టి, తల యెత్తి నడచిన పిల్లను ఆక్షేపింపకుండుట తల్లులచేతిలో నున్నది.

వెన్నెముక ప్రక్కకు వంగు వ్యాధి వేరు. అది ఎక్కువగా పదేండ్లు దాటి వేగముగ నెదుగు వయసున, కారణము తెలియకయే బయలుపడును. తీవ్రముగ ముదురునది బాలికలయందే యధికము. మొదట నొప్పి యుండకపోవచ్చును గనుక పైదుస్తుల మాటున దాగియుండును. తలంటు దినమున మీరే చూడుడు. భుజములు రెండును సమముగా నున్నవా? రెక్కయెముక యొకటి పొడుచుకొని వచ్చినదా? నడుము మడతలు ఒక్క తీరున నున్నవా? పాదములు జోడించి, మోకాళ్లు వంచక, చేతులు క్రిందికి జారవిడిచి ముందునకు వంగుమనుడు. వెనుకనుండి చూచిన, వీపున నొక ప్రక్క యెత్తుగా కానవచ్చెనా, ఆలస్యము చేయక యెముకల వైద్యునికి చూపుడు. ఎదుగుదల ముగియకమున్నే కనుగొన్నచో, వంకర మితముగ నున్నవారికి నడుముకు కట్టు పట్టాచే అది ముదురకుండ నాపుట పెక్కుమందికి సాధ్యము.

వారములకొలది తగ్గని నొప్పి, రాత్రి నిద్రలేపు నొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కాళ్లలో పట్టు తప్పుట, వీటిలో నేది కనబడినను తైలములతో కాలము గడపరాదు. క్షయ ఊపిరితిత్తులకే గాక వెన్నుపూసలకును సోకును. త్వరగా కనుగొన్నచో మందులచే కుదురును.