తుప్పుపై రంగు

పాతబడిన మోటారుకార్ల విషయమున మనదేశమున రెండు వాదములు వ్యాపించియున్నవి. పాతదానినెల్ల తూకమునకు వేసి కరగింపవలెనని యొకరును, పాతదైన మాత్రముననే యది పూజార్హమని వేఱొకరును పలుకుచున్నారు. ఈ యిరువురకు నడుమ, ఇంటి దొడ్డిలో తుప్పుపట్టి నిలిచిన యొక అంబాసిడరునో, పద్మినినో కొద్దిపాటి సొమ్ముతో, తన చేతులతో బాగుచేసికొనగోరు సామాన్యుడొకడు గలడు. అతని పక్షమున మాటాడువారు అరుదు. అతనికొఱకు ప్రభుత్వమునకు చెప్పవలసిన మాటలు కొన్ని గలవు. అతనికే చెప్పవలసిన మాటలును గలవు. ఈ రెండవవానినే ముందుగా చెప్పుట న్యాయము.

ఈ విచారమునకు తంగళ్ళపల్లి తగిన స్థలము. సిరిసిల్లకు మానేటి యావలి యొడ్డుననున్న యీ గ్రామము 2016లో మండలకేంద్రమైనది. సేద్యముతోపాటు మరమగ్గమే యీ ప్రాంతపు జీవనాధారము. మరమగ్గమును ఇచటివారు సాంచె యందురు. దానిని బాగుచేయు పనివానిని జాబరు అందురు. అనేక సంవత్సరములు నడచిన సాంచెకు అరిగిన భాగమును మార్చి, విరిగిన భాగమును అతికించి మఱల నడిపించుట వీరికి నిత్యకృత్యము. పరిశ్రమ కుంటుపడిన కాలములందు ఆ సాంచెలే పాతయినుముగా తూకమునకు పోవుటయు వీరు కన్నులార చూచిరి. యంత్రమును ఎప్పుడు బాగుచేయవలెను, ఎప్పుడు వదలుకొనవలెను అను ప్రశ్న వీరికి గ్రంథములలోనిది కాదు, బ్రతుకులోనిది.

ఇనుముతో ఈ దేశభాగమునకు గల పొత్తు మరమగ్గములతో మొదలైనదియు కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించిన యుక్కుకొఱకు పారశీక వర్తకులు వచ్చుచుండిరని హెన్రీ వాయిసీ 19వ శతాబ్ది తొలిభాగమున వ్రాసియుంచెను. 2010లో బెంగుళూరునందలి జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమువారును గూడి ఉత్తర తెలంగాణమునందలి పాత యినుప కొలుముల తావులను పరిశీలించిరి. పూర్వుల గొప్పను చెప్పుకొని తృప్తిపడుటకు దీనిని తలపెట్టలేదు. ఇనుమును తట్టి, దాని ధ్వనిని విని మంచిచెడ్డల నిర్ణయించు నేర్పు ఈ నేలకు క్రొత్త కాదని మాత్రమే మా మనవి. పాతకారును బాగుచేయగోరువానికి మొట్టమొదట కావలసినది ఆ నేర్పే.

ఇక కార్ల సంగతి. మన గ్రామములలో నేటికిని కానవచ్చు పాతకార్లలో ముఖ్యమైనవి రెండు. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై కలకత్తా చేరువ ఉత్తరపారాలో 1950వ దశాబ్దము తుదినుండి 2014 వఱకు తయారైన అంబాసిడరు ఒకటి. ఫియట్ నమూనాపై బొంబాయిలో తయారై, 1970వ దశాబ్దమునుండి పద్మిని యను పేర చెల్లిన కారు రెండవది. ఈ రెండింటికిని లారీకివలె వేఱు చట్రము లేదు. నేలరేకు, తలుపుల గుమ్మము క్రింద ముందునుండి వెనుకకు సాగు పెట్టెరేకులు, స్తంభములు, కప్పు అన్నియు నొక్కటిగ అతుకబడి, బాడీయే చట్రమై బరువును మోయుచున్నది. పాఠకులు ఈ యొక్క విషయమును మనసునందుంచుకొనినచో తక్కినదంతయు సులభముగ బోధపడును. లారీ తొట్టికి తుప్పుపట్టిన సరకు కారును. ఇట్టి కారు గుమ్మమునకు తుప్పుపట్టినచో దాని వెన్నెముకయే పుచ్చినదని యెఱుగవలెను.

తుప్పు పుట్టుటకు నీరును, గాలిలోని ప్రాణవాయువును రెండును కావలెను. ఉప్పు తోడైనచో పని వేగిరపడును. కాకినాడ, విశాఖపట్నములందలి కార్లకు సముద్రపుగాలి శత్రువు. తంగళ్ళపల్లికి సముద్రము దూరము. ఇచట తుప్పు దాగి పుట్టును. వానకాలపు బురద మడ్‌గార్డుల మడతలలో చేరి చిరకాలము తడిగానుండును. తలుపుల అడుగున నీరు జారుటకుంచిన సన్నని రంధ్రములు దుమ్ముతో పూడిపోవును. అద్దముల చుట్టునున్న రబ్బరు ఎండకు పగిలి, అందుండి కారిన నీరు కాళ్ళక్రింది చాపల యడుగున నిలుచును. బ్యాటరీనుండి చిందిన యామ్లము దాని పీటను తినివేయును. టార్పాలిను కప్పి చెట్టుక్రింద నిలిపిన కారు క్షేమముగా నున్నదని యజమాని నమ్మియుండును; కాని గాలియాడక, లోని చెమ్మ బయటికి పోక, ఆ కప్పే దానికి కీడగును.

ఇట్టి కారును చేపట్టినవాడు సాధారణముగ చేయునదేమి? రంగు బొబ్బలెత్తినచోట గీకి, పుట్టీ మెత్తి, నునుపుచేసి, తళతళలాడు రంగు వేయించును. ఇరుగుపొరుగు మెచ్చుకొందురు. కాని తుప్పు తాను తిన్న యినుముకంటె అనేకరెట్లు చోటాక్రమించునది. అది పైపొరను లోపలినుండి త్రోసికొని వచ్చుచునే యుండును. పుట్టీ చెమ్మను పీల్చి యినుమునకు అంటిపెట్టియుంచును. కొలది వానకాలములు గడచునప్పటికి బొబ్బలు మఱల లేచును, పెట్టిన సొమ్ము మట్టిపాలగును. అంతకంటె ఘోరమైనది వేఱొకటి గలదు. బలము లేనిచోట బలమున్నట్లు కనబడును. అట్టి కారులో భార్యాబిడ్డల నెక్కించుకొని వేములవాడ జాతరకు పోవువాడు దేనిపై కూర్చున్నాడో తానెఱుగడు. దానిని దాచి యితరులకు విక్రయించువాడు కొన్నవాని ప్రాణములతో బేరమాడుచున్నాడనియే మేము చెప్పవలసియున్నది.

కావున సొమ్ము తక్కువగా నున్నవాడు రంగును కడపటికి విడిచి, మొదటి రూపాయిని ఇనుముపై వెచ్చింపవలెను. అంతకుముందు చేయవలసిన పనికి రూపాయియు నక్కఱలేదు. సీట్లు, చాపలు, తలుపుల లోతొడుగులు విప్పి, చిన్నసుత్తితో రేకును అంగుళమంగుళము తట్టి చూడవలెను. గట్టిరేకు ఖంగుమనును, పుచ్చినది బొద్దుగా పలుకును. అనుమానమున్నచోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూచి, చెడినచోటులనెల్ల సుద్దతో గుర్తుపెట్టవలెను. పైపై తుప్పును వైరుబ్రష్షుతోను, గరుకుకాగితముతోను తీసి, ఫాస్ఫారికామ్లము గల ద్రావకము పూసి, ఆఱినపిదప రెడ్ ఆక్సైడు వేయవలెను. రెడ్ ఆక్సైడుతోనే నిలిపినచో చెమ్మ దానిగుండ దూరును. దానిపై రంగుపూత త్వరలోనే పడవలెను. చిల్లులుపడినచోట మెఱసెడి మంచిరేకు కనబడువఱకు కోసివేసి, అదే మందముగల క్రొత్తరేకును అతికింపవలెను. గ్యాసుమంట విశాలముగ వేడెక్కించి పలుచని రేకును వంకరచేయును. చిన్నచిన్న కుట్లుగ వేయు మిగ్ వెల్డింగు ఇందులకు మేలు. గుమ్మము క్రింది పెట్టెరేకును కోయుటకు ముందు తలుపు తెఱపికి అడ్డుగా ఇనుపకడ్డీలు బిగించి, ఒక ప్రక్క ముగిసినపిదపనే రెండవ ప్రక్క ముట్టవలెను. ఈ జాగ్రత్త లేనిచో బాడీ క్రుంగి, తలుపులు మఱల సరిగా మూసికొనవు. పుట్టీ కూడదని మేమనము. గట్టియినుముపై ఎగుడుదిగుడులు సరిచేయుటకు పలుచగ వాడుటయే దాని పని. తుదకు పెట్టెరేకుల లోపల మైనమో, నూనెయో చిమ్మి, నీటిరంధ్రములను తెఱచియుంచవలెను.

ఖర్చు తగ్గించు కిటుకంతయు పని పంచుకొనుటలో నున్నది. విప్పుట, గీకుట, కడుగుట, ఆరబెట్టుట, పూయుట అనువానికి నేర్పుకంటె ఓర్పు ఎక్కువ కావలెను. ఇవి ఇంటివారు చేసికొనవచ్చును. కోత, అతుకు మాత్రము చేయి తిరిగిన టింకరింగు పనివానికి అప్పగింపవలెను. అన్నియు సిద్ధముచేసి, గుర్తులు పెట్టి పిలిచినచో వారములు పట్టు పని అతనికి దినములలో తెమలును. సొమ్ము మిగిల్చుకొనుటకై ప్రాణమును పందెముగ ఒడ్డరాదు. వెల్డింగునకు ముందు పెట్రోలు టాంకిని ఊడదీసి దూరముగ నుంచి, బ్యాటరీ తీగలు విప్పి, ఇసుక, నీరు చేరువ నుంచుకొనవలెను. పాతరంగులలో సీసముండును, పొడిగా గీకక తడిపి గీకుట మంచిది. జింకుపూతగల రేకును కాల్చినప్పటి పొగ జ్వరము తెచ్చును. గట్టిపడు మందు కలిపి చిమ్మెడి నేటి రంగులు ఊపిరితిత్తులకు హాని చేయును. వానిని ఇంటి వసారాలో చిమ్మక, తగిన ఏర్పాట్లుగల షెడ్డునకు పంపవలెను.

అన్ని కార్లును బ్రతుకవు. చక్రముల బరువును మోయు సంధులయొద్ద రేకు పొడియై రాలుచున్నచో, రెండు గుమ్మములును నేలరేకును ఒక్కమాఱుగ పోయినచో, దానిని విడుచుటయే వివేకము. అట్టిదాని తలుపులు, అద్దములు, దీపములు వేఱొకదానిని బ్రతికించును. మమకారముచేత శవమునకు రంగు పూయరాదు.

ఇంతవఱకు యజమాని ధర్మము. ఇక ప్రభుత్వముయొక్క ధర్మమును విచారింతము. సొంతకారుకు పదునైదేండ్లు నిండినపిదప రిజిస్ట్రేషను ఐదేండ్ల కొకమాఱు పునరుద్ధరించుకొనవలెను. ఆ రుసుము 600 రూపాయలుండగా 2022 ఏప్రిలు 1వ తేదినుండి 5,000 అయ్యెను. ఇరువదియేండ్లు మించిన కార్లకు దానిని 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసిరి. మఱియొక ప్రక్క, ఏబదియేండ్లు మించిన వాహనములకై 2021 జులైలో కేంద్రప్రభుత్వము వేఱు నిబంధనలు ప్రకటించినది. వానికి ప్రత్యేక సంఖ్యాఫలకము, పదేండ్ల రిజిస్ట్రేషను గలవు. క్రొత్త రిజిస్ట్రేషనునకు 20,000, పునరుద్ధరణకు 5,000 రూపాయలు. వానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతు మొదలగువానికి తప్ప నిత్యము రోడ్డుపై నడుపరాదు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములోని నిజాముల నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ వంటివానిని తలచి చేసిన నిబంధనలుగ నివి తోచుచున్నవి. 1985నాటి అంబాసిడరుకు ఏబదియేండ్లు నిండుటకు 2035 రావలెను. అంతవఱకు అది చట్టము దృష్టిలో పురాతన వస్తువు కాదు, ముసలిబండి మాత్రమే. 2014లో వెలువడిన కడపటి అంబాసిడర్లకును 2029లో పదునైదేండ్లు నిండును.

పాతకార్ల పొగ క్రొత్తవాని పొగకంటె హానికరమను వాదమును మేము కాదనము. పొగ పరీక్షనుండి గాని, యోగ్యతా పరీక్షనుండి గాని మినహాయింపు నడుగుట మా యుద్దేశము కాదు. వయస్సును లెక్కించి రుసుము పెంచుటకంటె ఇనుమును తట్టిచూచి తీర్పు చెప్పుట మేలని మాత్రమే చెప్పుచున్నాము. ఎక్కువ రుసుము చెల్లించిన మాత్రమున పుచ్చిన గుమ్మము గట్టిపడదు. ఆ సొమ్మే చేతనున్నచో సామాన్యుడు దానితో మంచిరేకు వేయించుకొనగలడు. అధిక రుసుమునకు వెఱచి అతడు రేకునకు బదులు పుట్టీ మెత్తించుకొన్నచో, చట్టము తాను కోరిన క్షేమమును తానే చెఱుపుకొన్నట్లగును.

ఇందులకు మూడు పనులు చేయవచ్చునని మా యభిప్రాయము. మరమ్మతునందున్నదని ముందుగ తెలిపిన కారుకు ఆ కాలమున ఆలస్యపు రుసుము పెరుగకుండ ఆపి, పని ముగిసి పరీక్షలో నెగ్గినపిదప రుసుము గైకొనుట మొదటిది. రెండవది ఏబదియేండ్ల వాహనముల నిబంధనకు సంబంధించినది. బాడీ యాకృతిలో మార్పు చేసిన వాహనము దానిక్రిందికి రాదు. ఉన్న యాకృతిలోనే చెడిన రేకును మార్చుట మార్పు కాదని స్పష్టముగ ప్రకటింపవలెను. లేనిచో తుప్పును తీసినవానికంటె దాచినవాడే అర్హుడగు విపరీతము దాపురించును. మూడవది విద్యకు సంబంధించినది. తంగళ్ళపల్లి మండలములోని మండేపల్లిలో వాహనచోదకులకు శిక్షణ నొసగు సంస్థ 2021లో ప్రారంభమయ్యెను. బండి నడుపుట నేర్పుచోటనే దాని బాడీని పరీక్షించుట, రేకు కోయుట, అతుకుట నేర్పు పొట్టి తరగతులు పెట్టుట కష్టము కాదు. సాంచెల పని తగ్గిన దినములలో జాబర్లకును, యువకులకును అది రెండవ వృత్తి కాగలదు. సెలవుదినములలో అచటి వెల్డింగు యంత్రమును నిపుణుని పర్యవేక్షణలో స్వల్పపు అద్దెకు వాడుకొననిచ్చినచో ఇంటింటికి యంత్రము కొనవలసిన పని యుండదు.

పాతకారును బాగుచేయుట విలాసమని కొందఱు తలతురు. ఉన్న వస్తువును ఎఱిగి, దాని లోపమును దాచక, చెడినంతవఱకే మార్చి, మంచిని నిలుపుకొనుట విలాసము కాదు. అది పొదుపు, అది విద్య. తుప్పును కోసి తీయు ధైర్యము యజమానికుండవలెను. కోసి తీసినవానిని దాచినవానినుండి వేఱుపఱచి చూచు కన్ను చట్టమునకుండవలెను. రవాణాశాఖవారును, సాంకేతిక విద్యాశాఖవారును ఈ విషయమును సత్వరముగ పరిశీలింతురుగాక యని కోరుచున్నాము.