స్పర్శకూ ఓ ధర

గోడ, సోఫా, పరదా అన్నీ లేత గోధుమ వన్నెలోనే. అయినా కొన్ని గదులు నిండుగా కనిపిస్తాయి, కొన్ని వెలవెలబోతాయి. తేడా రంగులో లేదు, స్పర్శలో ఉంది. ఇంటీరియర్ డిజైనర్లు 'టెక్స్చర్' అనేది దీన్నే. నున్నటి గోడ పక్కన గరుకు పరదా, మెరిసే టైల్స్ మీద ముతక జంపఖానా. కిటికీలోంచి ఏటవాలుగా పడే వెలుగు ఆ ఎగుడుదిగుళ్ల మీద సన్నని నీడలు పరుస్తుంది. గదికి నిండుదనం తెచ్చేది ఆ నీడలే.

ఈ గరుకుదనాన్ని చవగ్గా తయారుచేసే విద్యలో సూరత్‌ది అందెవేసిన చేయి. నగర శివార్లలోని సచిన్ 1948 దాకా సిద్దీ నవాబుల సంస్థానం. ఇప్పుడది మరమగ్గాలు, అద్దకం మిల్లుల పారిశ్రామిక వాడ. పాలిస్టర్ పోగు పుట్టుకతో నునుపు. దాన్ని వేడిచేసి, మెలిపెట్టి, తిరిగి విప్పితే ముడతలు పడి ఉబ్బుతుంది, నూలు మెత్తదనాన్ని అనుకరిస్తుంది. మిగతా పని జకార్డ్ మగ్గానిది. 1804లో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న ఈ పరికరం పడుగు పోగులను విడివిడిగా ఎత్తుతుంది. దాంతో బట్ట మీద పువ్వు ఉబికి కనిపిస్తుంది.

సూరత్ మగ్గాల వెనుక తెలుగు చేతులూ ఉన్నాయి. ఊళ్లో మగ్గం కూడు పెట్టక తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు షోలాపూర్, భివండీలతో పాటు సూరత్‌కూ తరలాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడిపేంతగా అక్కడ వేళ్లూనుకున్నాయి. చేనేతను వదిలిన కుటుంబాలే చేనేతకు పోటీ వచ్చే బట్టను నేయాల్సి రావడం ఈ వలసలోని విషాదం.

చవకకు మరో మూల్యమూ ఉంది. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామిక వాడలో ఓ ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాలను అక్రమంగా కాలువలోకి వదిలారు. వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు బలయ్యారు. వ్యర్థాలు బయటివే అయినా, ప్రాణాలు పోయింది పక్కనే అద్దకం మిల్లులో పనిచేస్తున్నవారివి.

పాలిస్టర్ కొనడం తప్పేమీ కాదు. మధ్యతరగతి కిటికీకి అందుబాటులో ఉన్నది అదే. కానీ ఇక్కత్ పేరిట ప్రింటును అంటగడితే మాత్రం మోసమే. కనిపెట్టడం తేలిక, బట్టను తిరగేస్తే చాలు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే పోగుకు రంగు పడుతుంది కనుక రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది. ప్రింటు సాధారణంగా వెనకవైపు వెలిసినట్టుంటుంది. ఇంటికి అందం తెచ్చే బట్ట అసలు కథ చాలాసార్లు దాని వెనకవైపే ఉంటుంది.